సీమకు, సర్కారుకు వారధి 'శ్రీబాగ్'
దేశోద్ధారక కాశీనాథుని ఇంట కుదిరిన ఒడంబడిక

తెలుగువారంతా ఒక్కటి కావాలన్న ఆశయం బలపడుతున్న కాలంలోనే తెలుగు జిల్లాల మధ్య అపనమ్మకమూ పెరిగింది. దానిని తొలగించే ఒడంబడికకు వేదికైన ఇల్లు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన పంతులు మచిలీపట్నంలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను విద్యాభ్యాసం చేశారు. బొంబాయి చేరి 1893లో అమృతాంజనం పరిశ్రమను స్థాపించారు. ఆర్జించిన ధనాన్ని భాషాసేవకు వినియోగించారు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువరించారు. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పారు. ఉప్పు సత్యాగ్రహంలో కారాగారవాసం అనుభవించారు.

రెండు ప్రాంతాలు, రెండు దృక్పథాలు

1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన నాటి నుంచి ప్రత్యేక రాష్ట్రం కోసం సర్కారు జిల్లాలు ముందు నిలిచాయి. రాయలసీమ నేతలు మాత్రం సంశయించారు. అందుకు కారణాలు లేకపోలేదు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలతో కోస్తా డెల్టాలు పచ్చబడగా, నిజాం 1800లో ఆంగ్లేయులకు అప్పగించిన దత్తమండలాలను కరవు వెన్నాడింది. విద్య, ఉద్యోగాలలో ముందున్న కోస్తావారి ఆధిపత్యం కిందికి వెళ్లడం కంటే మద్రాసుతో ఉండడమే మేలన్న అభిప్రాయం అక్కడ బలంగా ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడగా, దాని కేంద్రస్థానంపై వివాదం చెలరేగింది. చివరకు సీమ జిల్లాలు మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోనే ఉండిపోయాయి.

భయాలకు హామీలు

ఈ అంతరాన్ని ఉపన్యాసాలతో పూడ్చలేమని ఉభయ ప్రాంతాల నేతలు గుర్తించారు. మద్రాసులోని పంతులు నివాసం శ్రీబాగ్‌లో సమావేశమై 1937 నవంబరు 16న ఒప్పందానికి వచ్చారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల జలాల వినియోగంలో సీమకు ప్రాధాన్యం, శాసనసభా స్థానాలలో తగిన వాటా అందులోని ముఖ్యాంశాలు. రాజధాని, హైకోర్టు వేర్వేరు చోట్ల ఉండాలని, వాటిలో ఒకదానిని ఎంచుకునే హక్కు సీమకే ఉండాలని నిర్ణయించారు.

ఆ తర్వాత అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న పంతులు కన్నుమూశారు. ప్రత్యేక రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు కర్నూలు రాజధాని అయింది. మరుసటి ఏడాది గుంటూరులో హైకోర్టు ఏర్పాటైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. 2014లో రాష్ట్ర విభజన అనంతరం రాజధాని, హైకోర్టు ప్రస్తావన రాగానే సీమలో మళ్లీ వినిపించినది శ్రీబాగ్ పేరే. ఒకే భాష మాట్లాడేవారి మధ్య సైతం ఐక్యత నిలవాలంటే ఇచ్చిన మాట నిలబడాలన్నది ఆ ఒడంబడిక చెప్పిన పాఠం.