ఆంగ్ల వైయాకరణుడు బిషప్ రాబర్ట్ లౌత్

‘అతడు నాకంటె పొడగరి’ అను వాక్యాన్ని ఆంగ్లంలోకి మార్చమంటే మన బాన్సువాడ విద్యార్థి తడుముకోకుండా ‘దాన్ మీ’ అని వ్రాస్తాడు. తెలుగులో ‘కంటె’ పంచమీ విభక్తి ప్రత్యయం. దాని ముందు ‘నేను’ నిలువదు, ‘నా’ యే నిలుస్తుంది. ఉర్దూలోని ‘ముఝ్ సే’ కూడ అట్టిదే. అయినను ఆ వాక్యాన్ని ‘దాన్ ఐ’ అని దిద్దే సంప్రదాయం తరతరాలుగా ఉన్నది. దానికి బలమైన పునాది వేసినవారు రాబర్ట్ లౌత్.

ఆయన 1710లో ఇంగ్లండులోని వించెస్టరులో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో చదివి, 1741లో అక్కడనే కవిత్వశాఖాచార్యులైనారు. హీబ్రూ కవిత్వంపై లాటిన్‌లో ఆయన చేసిన ఉపన్యాసాలు 1753లో గ్రంథరూపం దాల్చాయి. ఆ సంవత్సరమే కుమారుడు థామస్ హెన్రీ జన్మించాడు. ఆ బాలుని కొఱకు మొదలుపెట్టిన చిన్న ఆంగ్ల వ్యాకరణం 1762లో వెలువడినది. దానిపై రచయిత పేరు లేదు.

‘దాన్’ తరువాత లోపించిన క్రియను పూరించి చూడవలెనని ఆయన సూత్రం. ‘అన్న తమ్ముని నాకంటె ఎక్కువగా ప్రేమిస్తాడు’ అన్నప్పుడు తెలుగులో రెండర్థాలు పొసగుతాయి. నేను తమ్ముని ప్రేమించే దానికంటె అని భావమైతే ఆంగ్లంలో ‘దాన్ ఐ’. అన్న నన్ను ప్రేమించే దానికంటె అని అయితే ‘దాన్ మీ’. ఇంతవరకు సూత్రం ఉపకారియే. కాని ఆయన స్విఫ్టు, ప్రయర్ వంటి మహారచయితల వాక్యాలనే దోషాలుగా ఎత్తిచూపారు. అంతటివారు వ్రాసినది దోషమా, భాషాస్వభావమా? 1768లో జోసెఫ్ ప్రీస్ట్లీ ‘దాన్’కు విభక్తి వంటి శక్తి కలదని వాదించారు. నాకు ఆ వాదమే సమంజసమనిపిస్తుంది. హీబ్రూలోనూ, అరబ్బీలోనూ పోలికకు ‘మిన్’ అను విభక్త్యర్థకమే వాడుతారు. హీబ్రూ పండితుడైన లౌత్‌కు ఇది తెలియనిది కాదు.

1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలో లౌత్ సూత్రాలను విరివిగా గ్రహించగా అవి పాఠశాలలకెక్కాయి. అయితే లౌత్ భార్యకు వ్రాసిన లేఖలలో తన గ్రంథం మెచ్చని ప్రయోగాలు ఉన్నవని ఇటీవలి పరిశోధకులు గుర్తించారు! నేటి వ్యాకరణాలు అనేకం రెండు రూపాలనూ అంగీకరిస్తున్నవి. పరీక్షలో సందేహం కలిగినచో క్రియతో సహా ‘దాన్ ఐ యామ్’ అని వ్రాయుట క్షేమం.

లౌత్ 1766లో బిషప్ అయి, 1777లో లండను పీఠం అధిష్ఠించారు. 1778లో ఆయన యెషయా గ్రంథానువాదం వెలువడినది; ఆ సంవత్సరమే థామస్ హెన్రీ మరణించాడు. 1783లో కాంటర్‌బరీ ప్రధాన పీఠం లభించినను అనారోగ్యంచేత స్వీకరించలేదు. 1787 నవంబరు 3న కన్నుమూశారు.