పెద్ద రైలుబండి: వాల్టర్ జాన్సన్

బండ్ల రాకపోకల లెక్కలు వ్రాసుకునే నాబోటి గుమాస్తాకు, ఒక మనిషిని రైలుబండి అని పిలిచేవారంటే చెవి అటు తిరగకుండా ఉంటుందా? అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడైన వాల్టర్ జాన్సన్‌కు అక్కడి పత్రికలవారు పెట్టిన పేరు అది. ఆ రోజులలో రైలును మించిన వేగం జనం ఎరుగరు. అతని చేతి బంతి అంత ఉరవడిగా వచ్చేది మరి.

ఆటను గురించి రెండు మాటలు. క్రికెట్టులో బంతి సాధారణంగా నేలను తాకి లేస్తుంది. బేస్‌బాల్‌లో విసిరేవాడు 60 అడుగుల 6 అంగుళాల దూరాన చిన్న మట్టిదిబ్బపై నిలిచి, నేలను తాకకుండా విసరాలి. అతనిని పిచ్చరు అంటారు. గుండ్రటి కర్ర పట్టినవాడికి మూడు స్ట్రయికులు పడితే అవుటు. జట్టుకు తొమ్మండుగురు, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. మన కథకు ఇంత తెలిస్తే చాలు.

జాన్సన్ 1887 నవంబరు 6వ తేదీన కాన్సాస్ రాష్ట్రంలో హంబోల్ట్ వద్ద రైతుబిడ్డగా పుట్టినాడు. సేద్యం విడిచి ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని చమురు బావుల ప్రాంతానికి తరలిపోయింది. బ్రతుకుతెరువుకై ఊరు కదలడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడినుండి అతడు ఐడహో రాష్ట్రంలోని వీజర్ అనే చిన్న ఊరికి చేరి, టెలిఫోన్ కంపెనీలో పని చేస్తూ ఆ ఊరి జట్టుకు బంతి విసిరేవాడు. 1907లో వాషింగ్టన్ జట్టువారు అతనిని రమ్మన్నారు. అక్కడ పనికిరాకపోతే తిరుగు ప్రయాణానికి రైలు ఛార్జీ ఇస్తారా అని ముందే అడిగి మాట తీసుకున్నాడని చెబుతారు. పంతొమ్మిదేళ్ళ కుర్రవానికి ఎంత ముందుచూపు!

ఆగస్టు 2న డెట్రాయిట్ జట్టుపై తొలి ఆట. 3-2తో ఓడిపోయినాడు. అయినా తిరుగు టిక్కెట్టు అవసరం మాత్రం పడలేదు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో న్యూయార్క్ జట్టుపై నాలుగు రోజులలో మూడు ఆటలు ఆడి, మూడింటిలోనూ ఒక్క పరుగైనా ఇవ్వలేదు. మధ్య రోజు ఆదివారం కనుక ఆట లేదు, లేకుంటే నాలుగోదీ ఆడించేవారేమో!

అయితే అతని జట్టు బలహీనం. 1909లో వాషింగ్టన్ పట్టికలో అట్టడుగున నిలిచింది. ఎంత బాగా విసిరినా, వెనుక ఉన్నవారు బంతి పట్టకపోతే, ముందువారు పరుగులు తీయకపోతే ఏం లాభం? ఆ ఏడాది 25 ఆటలు ఓడినాడు. కాని 1910 మొదలు వరుసగా పదేళ్ళు, ఏటా 20కి తగ్గకుండా గెలిచినాడు. 1913లో 36 గెలిచి, ఏడే ఓడినాడు. ఇంత వేగం ఉండి కూడా ఎదుటివాని తలకు బంతి తగులుతుందేమోనని భయపడేవాడట. ఆ సంగతి కనిపెట్టిన టై కాబ్ అనే గడుసువాడు కావాలనే ముందుకు జరిగి నిలబడేవాడు. నా లెక్కలో ఇది జాన్సన్ ఓటమి కాదు.

అగ్రస్థాన పోటీ అయిన వరల్డ్ సిరీస్ ఆడే భాగ్యం పదిహేడేళ్ళు రాలేదు. 1924లో, 36వ ఏట వచ్చింది. న్యూయార్క్ జయంట్స్‌పై మొదటి ఆట ఓడినాడు, అయిదవదీ ఓడినాడు. అందరూ అయ్యో అనుకున్నారు. అక్టోబరు 10న ఆఖరిదైన ఏడవ ఆటలో, 3-3 సమంగా ఉండగా, తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో అతనికే బంతి ఇచ్చినారు. అలసిన చేయి. ఎదుటి జట్టువాడు మూడవ మజిలీదాకా వచ్చి నిలిచినాడు. ఇంకొక్క అడుగైతే ఎదుటి జట్టుదే పైచేయి అయ్యేది. జాన్సన్ వానిని అక్కడినుండి కదలనివ్వలేదు. అట్లా నాలుగు ఇన్నింగ్సులు పరుగు ఇవ్వకుండా నిలిచినాడు. పన్నెండవదానిలో వాషింగ్టన్ ఆటగాడు కొట్టిన బంతి నేలమీద ఎగిరి, పట్టవలసినవాని తలమీదుగా పోయింది. 4-3తో గెలుపు.

1927 సెప్టెంబరు 30న ఆటగాడిగా అతని ఆఖరి రాక. అదే రోజు అదే మైదానంలో బేబ్ రూత్ తన 60వ హోమ్ రన్ కొట్టినాడు. జాన్సన్ కర్ర పట్టి కొట్టిన చివరి బంతిని పట్టుకున్నదీ రూతే! అప్పటికి జాన్సన్ గెలుపులు 417. పరుగు ఇవ్వని ఆటలు 110. ఈ రెండవ లెక్కను ఈనాటికీ ఎవరూ దాటలేదు.

తరువాత ఆటగాళ్ళను నడిపించే పనికి దిగినాడు. 1928లో న్యూవార్క్, 1929 నుండి 1932 వరకు వాషింగ్టన్. 1930 ఆగస్టులో భార్య హేజెల్ చనిపోయింది; అయిదుగురు బిడ్డలు. ఆ దుఃఖపు ఏడాదే జట్టును 94 గెలుపులతో రెండవ స్థానానికి తెచ్చినాడు. 1932లో 93 గెలిచినా తీసివేసినారు. మరీ మెత్తనివాడు, కుర్రవాళ్ళను కసరడం చేతకాదని విమర్శ. తరువాత క్లీవ్‌లాండ్‌లో కొంచెం గట్టిగా ఉండి, జనానికి ఇష్టులైన ఇద్దరు పాత ఆటగాళ్ళను తొలగిస్తే, అందుకూ జనం తిట్టినారు. 1935 ఆగస్టులో ఆ పనీ పోయింది. మెత్తగా ఉంటే ఒక తప్పు, గట్టిగా ఉంటే ఇంకొక తప్పు! పై అధికారి కుర్చీ ఎక్కినవారికి ఇది తెలిసిన బాధే. నాలుగు సంవత్సరాలలో మూడేళ్ళు 90 ఆటలు దాటించినవానిని చేతకానివాడనడం నాకు సబబుగా తోచదు.

1936 ఫిబ్రవరి 22న, జార్జి వాషింగ్టన్ జన్మదినాన, ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద ఒక వేడుక జరిగింది. వాషింగ్టన్ చిన్నతనంలో రాపహానక్ నదికి అడ్డంగా వెండి నాణెం విసిరినాడని ఒక కథ ఉన్నది. అది అయ్యేపనేనా అని వాదం వచ్చి జాన్సన్‌ను పిలిచినారు. 48 ఏళ్ళ ఆ మనిషి చలిలో నిలిచి వెండి డాలరును విసరగా, అది అవతలి గట్టున పడింది. ఆ సంవత్సరమే బేస్‌బాల్ కీర్తిమందిరానికి మొదటగా ఎన్నుకున్న అయిదుగురిలో అతని పేరు చేర్చినారు.

మేరీలాండ్‌లో వ్యవసాయం చేసుకుంటూ, 1940లో కాంగ్రెసు సభకు పోటీ చేసి ఓడినాడు. మెదడులో గడ్డ లేచి 1946 డిసెంబరు 10న కన్నుమూసినాడు. రాక్‌విల్‌లో హేజెల్ పక్కనే సమాధి చేసినారు.