మోదుగ పూలకు బొమ్మ గీయించిన సామర్లకోట డాక్టరు

మాఘం వెళ్లి ఫాల్గుణం వస్తుండగా చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే అదృష్టమే. కొండవాలుల్లో ఒక్క ఆకైనా లేకుండా, కొమ్మల నిండా నిప్పుకణికల్లాంటి పూలతో మోదుగ చెట్లు కనిపిస్తాయి. ఇంకాస్త పైకి వెళితే ఎర్రగా బూరుగలు, పచ్చగా కొండగోగులు. వాటికి ఎవరూ నీళ్లు పొయ్యరు, ఎరువు వెయ్యరు. మనమేమో ఇంటి ముందు రంగురంగుల పూలు కావాలనుకోగానే నర్సరీకి వెళ్లి, కుండీలో విరగబూసి కనిపించిందల్లా కొనేస్తాం. డిసెంబర్లో ముచ్చటపడి తెచ్చిన పెటూనియాలు, డాలియాలు మార్చి ఎండకి తలలు వాల్చేస్తాయి.

వసంతంలో పూయడమే స్వభావంగా ఉన్న చెట్లు, పొదలు, తీగలు మన చుట్టుపక్కలే ఎన్ని ఉన్నాయో ఓపిగ్గా వెతికి, పేర్లు రాసుకుని, బొమ్మలు గీయించి ప్రపంచానికి చూపించినవాడు ఒక పరాయిదేశపు డాక్టరు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. ఆ పనికి పునాది పడింది అనకాపల్లిలో రైలెక్కితే సుమారు రెండు గంటల్లో చేరుకునే సామర్లకోటలో.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులోని అయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడింబరోలో వైద్యం చదివాడు. మందులన్నీ మొక్కల నుంచే వచ్చే కాలం కాబట్టి వైద్యం చదివేవాళ్లు వృక్షశాస్త్రం కూడా నేర్చుకోవాల్సిందే. చాలామందికి అది పరీక్ష గట్టెక్కడానికి చదివే పాఠం. జాన్ హోప్ అనే గురువు దగ్గర చదివిన ఈ కుర్రాడికి మాత్రం అదే జీవితమైంది. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో సహాయ వైద్యుడిగా కొన్నాళ్లు తిరిగి, 1776లో మద్రాసు ఆస్పత్రిలో చేరాడు. అక్కడ రోజుకు మూడుసార్లు వేడినీ, గాలి ఒత్తిడినీ కొలిచి రాసిపెట్టుకునేవాడు. తోట పెంచేవాళ్లకి ఉండాల్సిన గుణం ఇదే అనిపిస్తుంది నాకు. ఏ నెలలో ఎండ ఎంత, వాన ఎంత అని చూడకుండా మొక్క నాటితే అది మన మాట వింటుందా?

1781లో ఆయనకి సామర్లకోటకి బదిలీ అయింది. అప్పటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలో ఉన్నాయి. సామర్లకోటలో ఉన్న పటాలానికి వైద్యం చెయ్యడం ఆయన ఉద్యోగం. ఆ పని అయ్యాక మిగిలిన పొద్దంతా మొక్కలతోనే. అక్కడ మిరియాలు, కాఫీ, దాల్చిన, జాఫ్రా, మల్బరీ, సీమపనస పెంచి చూశాడు. ఇందులో కంపెనీ లాభం లేకపోలేదు. ఏ మొక్క నుంచి ఏం సరుకు వస్తుంది, ఎంతకి అమ్ముడవుతుంది అన్నది పై దొరలకి కావాల్సిన లెక్క. రాజమండ్రి సర్కారులో రైతులు చెరకు ఎలా నాటుతారు, బెల్లం ఎలా వండుతారు అన్నది కూడా ఆయన వివరంగా రాసి పంపాడు. చోడవరం చుట్టుపక్కల చెరకు తోటల మధ్య పెరిగిన మనకి ఆ రాతలో కొత్త ఏమీ ఉండకపోవచ్చు గానీ, రైతు చేతిపనిని శాస్త్రంగా చూసిన చూపు మాత్రం మెచ్చుకోదగ్గది.

ఆ రోజుల్లోనే, లిన్నేయస్ అంతటివాడి శిష్యుడైన కూనిగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మన తీరమంతా తిరుగుతూ ఉండేవాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1785లో కూనిగ్ కాకినాడ జగన్నాథపురంలో జబ్బుపడి చనిపోయాడు. దగ్గరుండి చూసుకున్నది రాక్స్‌బర్గే. రెండేళ్లు తిరక్కుండానే మరో దెబ్బ. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. ఆ వరదలో రాక్స్‌బర్గ్ అంతవరకూ ఎండబెట్టి దాచుకున్న మొక్కలు, పుస్తకాలు, రాసుకున్న కాగితాలు పోయాయి. పదేళ్ల శ్రమ. ఎవరైనా ఇంకా ఈ మొక్కల గొడవ నాకెందుకని ఊరుకుంటారు. ఆయన మళ్లీ మొదటి ఆకు నుంచి మొదలుపెట్టాడు.

ఈసారి ఎండుకొమ్మల్ని మాత్రమే నమ్ముకోలేదు. మనవాళ్లయిన చిత్రకారుల్ని పెట్టుకుని ప్రతి మొక్కకీ రంగుల బొమ్మ వేయించాడు. ఆకు, మొగ్గ, విడిన పువ్వు, కాయ, గింజ అన్నీ విడివిడిగా. పక్కన ఆ చెట్టుని తెలుగువాళ్లు ఏమని పిలుస్తారో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1789లో పాట్రిక్ రస్సెల్ తప్పుకున్నాక కంపెనీ తరఫు వృక్షశాస్త్రజ్ఞుడి పని కూడా ఆయనకే వచ్చింది. 1794 నాటికి అయిదువందల బొమ్మలు లండన్ చేరాయి. వాటిలోంచి ఏరిన మూడువందల బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి విడతలుగా మూడు సంపుటాలుగా వచ్చింది. అంత అందమైన బొమ్మలు గీసిన మనవాళ్ల పేర్లు మాత్రం ఆ బొమ్మల కింద లేవు. అదొక్కటే నాకు మింగుడుపడదు.

ఆ పుస్తకంలో మన మోదుగ ఉంది. దానికి పెట్టిన శాస్త్రీయనామం బ్యూటియా. మొక్కలంటే ప్రాణంపెట్టే బ్యూట్ ప్రభువు పేరది. మనం విస్తళ్లు కుట్టుకునే చెట్టుకి, దాన్ని ఎండలో ఎన్నడూ చూసి ఎరగని ప్రభువు పేరు! కానీ అన్ని పేర్లూ అలా పోలేదు. జ్వరానికి బెరడు కషాయం తాగే సోమిద చెట్టు గురించి ఆయన ఎంతో పట్టుదలగా రాశాడు, ఖరీదైన సింకోనాకి బదులు ఇది వాడొచ్చని. తర్వాతివాళ్లు ఆ చెట్టు జాతికి సోయ్‌మిడా అని మన తెలుగు మాటనే పేరుగా ఉంచేశారు.

మోదుగ పెరట్లో వెయ్యాలంటే కాస్త చోటుండాలి, ఓపిక ఉండాలి. నెమ్మదిగా ఎదుగుతుంది. నీళ్లు నిలవని నేల, రోజంతా ఎండ ఉంటే చాలు. బూరుగ జోలికి మాత్రం వెళ్లకండి, అది ఇళ్ల మధ్య పెంచే చెట్టు కాదు. చిన్న పెరడున్నవాళ్లకి నేను చెప్పేది అంకుడు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది ఈ కర్రతోనే కదా. ఎండలు ముదిరే వేళకి తెల్లగా, మల్లెల్ని తలపించే పూలు పూసి కమ్మని వాసన వేస్తుంది. దీని ఆకుల్ని వేడినీళ్లలో ఊరబెట్టి నీలిమందు తియ్యొచ్చని రాక్స్‌బర్గ్ కంపెనీకి చూపించాడు. తెల్లని పూల చెట్టు కడుపులో నీలం రంగు దాగి ఉండడం తమాషాగా లేదూ!

గేటు మీద తీగ పాకించాలనుకుంటే ఆ పుస్తకంలోనే మాధవీలత కూడా ఉంది. కావ్యాల్లో చదివి అదేదో కల్పన అనుకుంటాం గానీ నిజం తీగే. అంచులు కుచ్చుల్లా ఉండే తెల్లని రేకులు, వాటిలో ఒక్కదానికి పసుపు మచ్చ. ఫాల్గుణ చైత్రాల్లో పూస్తుంది. చాలామంది రాధామనోహరాన్ని మాధవి అనుకుంటారు, రెండూ వేరు. మాధవి బలమైన తీగ, కర్రపుల్లల పందిరి ఆగదు, ఇనుప కమ్మీలు వెయ్యాలి.

పూల మాట ఇలా ఉండగా 1791, 92ల్లో ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువొచ్చింది. సామర్లకోట చుట్టూ జనం ఆకలితో రాలిపోవడం ఆయన కళ్లారా చూశాడు. వాన తప్పినా ఏదో ఒక తిండి ఇచ్చే కొబ్బరి, ఈత, తాటి, పనస, అరటి వంటివి రోడ్ల పక్కన, గట్ల మీద నాటించమని పైవాళ్లకి రాశాడు. అంతవరకూ సరుకుల లెక్క చూసిన మనిషి అక్కడ ఆకలి లెక్క చూశాడు. మన పెరట్లో కూడా మోదుగ పక్కన ఓ మునగ, ఓ పనస ఉంటే అందానికి వచ్చే లోటేమీ లేదు.

1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ పర్యవేక్షకుడిగా వెళ్లాడు. ఆరోగ్యం పాడై మధ్యలో కొంతకాలం ఆఫ్రికా కొసకి, గుడ్‌హోప్ అగ్రానికి వెళ్లొచ్చినా, ఇరవై ఏళ్లపాటు ఆ తోటే లోకం. మూడుసార్లు పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు చాలామంది. ఆ సంసారాన్ని ఈదిన ఆడవాళ్ల గురించి మొక్కల గురించి రాసినంత ఎవరూ రాయలేదు. 1813లో ఇండియా వదిలి, దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగి అక్కడి మొక్కల జాబితా కూడా రాసుకుని, చివరికి స్వదేశం చేరాడు. 1815 ఫిబ్రవరి 18న ఎడింబరోలో కన్నుమూశాడు. జీవితమంతా రాసిన మహాగ్రంథం, భారతదేశపు వృక్షసంపద మీదది, పూర్తిగా అచ్చయింది 1832లో. అచ్చు వేయించినవాడు శ్రీరాంపురం మిషనరీ విలియం కేరీ. అందులోనూ తెలుగు పేర్లున్నాయి.

ఈ రోజు వేసవి అనగానే గుర్తొచ్చే తురాయి చెట్టుని ఆయన మన ఊళ్లలో చూసి ఉండడు. దాన్ని మడగాస్కర్‌లో శాస్త్రజ్ఞులు గుర్తించిందే ఆయన పోయాక, 1820లలో. మనం పాతవనుకునేవన్నీ పాతవి కావు.

కలకత్తాలో ఉండగా ఆయన పేరు పెట్టిన ఇంకో చెట్టు అశోకం. సంస్కృత పండితుడు విలియం జోన్స్ మీది గౌరవంతో దాన్ని జోనేసియా అశోక అన్నాడు. తర్వాత జాతిపేరు సరాకాగా మారినా, వెనక అశోక అలాగే ఉంది. సీతమ్మవారి చెట్టు అని మనం నర్సరీలో అడిగితే సగం చోట్ల నరమామిడి చేతిలో పెడతారు. గోడ వెంట సన్నగా నిటారుగా, అంచులు అలలు తిరిగిన ఆకులతో పెరిగేది నరమామిడి, దాని పూలు ఆకుపచ్చగా కంటికే ఆనవు. అసలు అశోకానికి ఒకే ఈనెకి జంటలుగా నాలుగైదు జతల ఆకులుంటాయి. లేతాకులు రాగిరంగులో, తడిసిన పట్టుగుడ్డలా కిందికి వేలాడతాయి. పూలు ముదురు కొమ్మలకే గుత్తులుగా నారింజరంగులో పూసి, రోజులు గడిచేకొద్దీ ఎరుపెక్కుతాయి. కడియం నర్సరీల్లో గానీ అటవీశాఖ నర్సరీల్లో గానీ అడిగేటప్పుడు ఈ ఆకులు చూసుకుని తీసుకోండి. తొలకరి పడ్డాక నాటి, మొదటి రెండు వేసవులూ ఏ పెద్ద చెట్టు నీడనో ఉంచి, నేల తడారకుండా చూడాలి.