ఆలస్యంగా ఒప్పుకున్న పాపం

'అద్భుత కృప' కీర్తన రాసిన జాన్ న్యూటన్ 1748లో తుఫానులో చిక్కుకుని దేవునికి మొరపెట్టాడు. మన సాక్ష్యాలలో కథ అక్కడే ఆపేస్తాం. కానీ మారుమనస్సు పొందాక కూడా 1750 నుంచి నాలుగేళ్లు ఆయన బానిసల ఓడలకు కెప్టెన్‌! ఆదివారం పైన నావికులతో ఆరాధన, కింద గొలుసులతో ఆఫ్రికావారు. చేతిలో బైబిలు ఉంది, పొరుగువాడే కనబడలేదు. 1754లో ఓడ దిగింది కూడా మనస్సాక్షి గద్దించి కాదు, జబ్బుచేసి. 1764లో పాదిరి అయ్యాడు. పాటలు రాశాడు, ప్రసంగాలు చేశాడు. ఆ వ్యాపారం సంగతి మాత్రం ఎత్తలేదు. అరవై దాటాక, 1788లో, తాను చూసిందీ చేసిందీ సిగ్గుపడుతూ కరపత్రంగా అచ్చువేయించాడు. విచారణలోనూ సాక్ష్యమిచ్చాడు. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో, చూపు మందగించిన న్యూటన్ ప్రభువునందు నిద్రించాడు.