బడిపంతులు గెలిపించిన ఆట

ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు రెండుసార్లు స్వర్ణం గెలిచిందంటే ఈనాటి పిల్లలు నమ్మరు. ఆ రెండుసార్లూ జట్టుకు కోచ్ ఒక్కరే. ఆయన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

ఆయన 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. తరువాత హైదరాబాదు బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

శిక్షణలోనూ ఆయన పంతులే. కుడికాలు వాటం ఉన్నవాడి చేత ఎడమకాలితో ఆడించేవారు. బలహీనతను దాచుకోనిచ్చేవారు కాదు.

1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి మన జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండానే ఆడారు. రహీం సాబ్ కుంగిపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు అదే. పతకం మాత్రం దక్కలేదు, నాలుగో స్థానం వచ్చింది.

1962లో జకార్తా వెళ్లేనాటికి ఆయన్ను క్యాన్సర్ పీడిస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఫైనల్లో మళ్లీ ఆ జట్టే ఎదురైంది. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందులో ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి ముందువరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనదైంది.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

నాన్నకో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ మనం కొత్త బడికి వస్తాం. పాత బడి జట్టులో మన చోటు అక్కడే ఉండిపోతుంది. మిడిల్ పాయింట్ మైదానంలో అలవాటు లేని చోట ఆడమంటే ముఖం ముడుచుకోకండి. జర్నైల్ గోల్ చేసింది తన చోట నిలబడి కాదు.