ఆయుర్వేద కాలేజీ నుంచి ఆరియోమైసిన్ దాకా

మెట్రిక్‌ రెండుసార్లు ఫెయిల్‌. మూడోసారి గట్టెక్కి, మద్రాస్‌ మెడికల్‌ కాలేజీ దాకా వెళ్తే అక్కడా చుక్కెదురే. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్‌ గదిలోకి రావడం ఇంగ్లిష్‌ ప్రొఫెసర్‌కు గిట్టలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్‌ సర్టిఫికెట్‌ ఇచ్చారు. దాంతో సర్కారీ వైద్య ఉద్యోగం రాలేదు. ఆయనే 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

చివరికి దొరికింది మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ లెక్చరర్‌ పోస్టు. ఆయన గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు. కానీ కాస్త ఆగాల్సింది ఇక్కడే. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరిని బలి తీసుకుంది. తనకూ వస్తే లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యమే బతికించింది. అలాంటి మందుల్లో నిజంగా పనిచేసే పదార్థం ఏదో విడదీసి చూడటం, సరిగ్గా ఆ తరహా పనిలోనే తర్వాత ఆయన జీవితమంతా గడిచింది.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. అక్కడ ఎల్‌ఎంఎస్‌ను పట్టించుకున్నవాళ్లు లేరు. పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీనీ గుర్తించారు. ఇంత చేసినా పర్మనెంట్‌ పోస్టు మాత్రం రాలేదు.

1940లో లెడర్లీ కంపెనీకి మారారు. ఫోలిక్‌ యాసిడ్‌, బోదకాలుకు వాడే హెట్రజాన్‌ ఆయన బృందం నుంచే వచ్చాయి. యూనివర్సిటీలో రిటైరై, డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్‌ కూడా ఆ ల్యాబ్‌లోనే చేరారు. మిస్సోరి పొలంలోంచి తెచ్చిన మట్టిలో ఆయన పట్టుకున్న బ్యాక్టీరియా నుంచే 1948లో ఆరియోమైసిన్‌ వచ్చింది. టెట్రాసైక్లిన్‌ల కుటుంబంలో అదే మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. స్వదేశానికి మళ్లీ రానేలేదు.

తర్వాత బ్యాక్టీరియా తెలివిమీరింది. లోపలికొచ్చిన టెట్రాసైక్లిన్‌ను పంపు పెట్టి తోడినట్టు బయటికి తోసేయడం నేర్చుకుంది. స్టెఫిలోకాకస్‌లో ఉండే నోర్‌-ఏ అనే పంపు సిప్రోఫ్లాక్సాసిన్‌నూ అలాగే గెంటేస్తుంది. మిరియాల్లోని పైపరిన్‌ ఈ పంపుకు అడ్డుపడుతుందని ల్యాబ్‌ పరీక్షల్లో తేలింది. అప్పుడు మందు లోపలే నిలుస్తుంది, తక్కువ మోతాదు సరిపోతుంది. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపిన త్రికటుకం ఆయుర్వేదంలో ఎన్నో మందుల్లో పడుతుంది. పైపరిన్‌ మిరియాల్లోనే కాదు, పిప్పలిలోనూ ఉంటుంది. అలాగని మాత్రలు మానేసి మిరియాల కషాయం తాగితే జబ్బు తగ్గదు సుమా!

జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల ఇదే పైపరిన్‌ను క్షయ మందుకు జోడించింది. పంపును ఆపడానికి కాదు, మందు ఒంటికి బాగా పట్టడానికి. రిఫాంపిసిన్‌ 450 మిల్లీగ్రాములు వాడేచోట 200తో సరిపెట్టే మాత్ర అలా తయారైంది. ఈ తరహా పరిశోధన ఫార్మకాగ్నసీ, మైక్రోబయాలజీ, మెడిసినల్‌ కెమిస్ట్రీ చదివినవాళ్ల పని. బోటనీ చేసినవాళ్లకూ చోటుంటుంది, డగ్గర్‌ది అదే సబ్జెక్టు కదా.