మా ఇంటి తాబేలు, గ్రే వాల్టర్ గారు

ముందే చెప్పేస్తున్నా ఫ్రెండ్స్, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఒత్తులు తప్పుపోతే ఎడిటర్ అక్క దిద్దింది అనుకోండి, దిద్దకపోతే మీరే సర్దుకోండి. ఈసారి మ్యాగజైన్‌కి ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమన్నారు. అందరూ కలాం గారి గురించో, రామానుజన్ గారి గురించో రాస్తారని తెలుసు. నేను రాసే మనిషి పేరు మీలో చాలామంది విని ఉండరు. కానీ ఆయన మా ఇంట్లోకి రెండు దారుల్లో వచ్చారు. ఒకటి హాస్పిటల్ నుంచి, ఇంకొకటి అట్టపెట్టెలో.

అట్టపెట్టె సంగతి ముందు చెప్తా. పోయిన దసరాకి మా అక్క హైదరాబాద్ నుంచి ఒక రోబో వాక్యూమ్ క్లీనర్ తెచ్చింది. గుండ్రంగా, నల్లగా, ఇడ్లీ కుక్కర్ మూత సైజులో ఉంటుంది. అమ్మకి మొదట్లో అస్సలు నచ్చలేదు. మూలల్లో దుమ్ము అలాగే వదిలేస్తోందని, దాని వెనకాల చీపురు పట్టుకుని తిరిగేది. అది దేవుడి గది గడప ఎక్కలేదు. ఫోన్ ఛార్జర్ వైరు కనిపిస్తే మింగేస్తుంది. పట్ట కింద దూరి, బయటికి రాలేక, మమ్మల్ని పిలుస్తుంది. అయినా అక్క ఎందుకు కొన్నదో మాకు తెలుసు. నాన్నని చూసుకోవడంలో అమ్మకి ఇల్లు ఊడ్చే టైమ్ కూడా ఉండట్లేదు.

నాన్న హైస్కూల్లో ఫిజిక్స్ సారు. రెండేళ్ళ క్రితం బండి మీద వస్తూ పడ్డారు. హెల్మెట్ ఉంది, కానీ తల మీద కాదు, పెట్రోల్ ట్యాంకు మీద. బతికారు, నడుస్తారు, అందర్నీ గుర్తుపడతారు. మాటలు మాత్రం కొన్ని దొరకవు. గ్లాసు కావాలంటే గిన్నె అంటారు, నా పేరు బదులు అక్క పేరు వస్తుంది. ఆ రోబో మొదటిరోజు హాల్లో తిరుగుతుంటే నాన్న చాలాసేపు చూసి, తాబేలు వస్తోంది కాళ్ళు తియ్యమని అమ్మకి చెప్పారు. మళ్ళీ మాట తప్పిందని మేము అనుకున్నాం. తాబేలు కాదు నాన్నా, రోబో అని నేను నాలుగైదుసార్లు సరిచేశా కూడా.

తర్వాత సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్ కోసం ఇలాంటి రోబోలు మొదట ఎవరు చేశారా అని వెతికా. దొరికిన పేరు విలియం గ్రే వాల్టర్. ఆయన చేసిన వాటికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు తాబేళ్ళు! ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాల్టర్ గారు 1910లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం ఇంగ్లండ్ వచ్చేసింది, చదువంతా అక్కడే. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ స్కూలు, తర్వాత కేంబ్రిడ్జ్‌లో కింగ్స్ కాలేజీ. ఇదంతా చదివి ఆయన టాపర్ అనుకోకండి. కేంబ్రిడ్జ్‌లోనే ఉండి రీసెర్చ్ చేద్దామనుకుంటే ఫెలోషిప్ రాలేదు. ప్లేస్‌మెంట్స్ టెన్షన్‌లో ఉన్న సీనియర్లు ఈ లైన్ రెండుసార్లు చదువుకోండి. అక్కడ రాకపోబట్టే ఆయన లండన్‌లో మాడ్స్‌లీ అనే మానసిక వైద్యశాల ల్యాబ్‌లోకి వెళ్ళారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

అప్పటికి ఈఈజీ చాలా కొత్త. మెదడులో పుట్టే చిన్న చిన్న కరెంటు అలల్ని తల పైనుంచే పట్టుకోవచ్చని జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు 1929లో ప్రచురించారు. మొదట్లో చాలామంది నమ్మలేదు. వాల్టర్ గారికి ఎలక్ట్రానిక్స్ మీద చెయ్యి తిరిగి ఉండటంతో ఆంప్లిఫయర్లు, రికార్డర్లు మెరుగుపరుస్తూ పోయారు. మెదడులో గడ్డ ఉంటే దాని చుట్టుపక్కల నుంచి బాగా నెమ్మదైన అలలు వస్తాయని 1936లో చూపించారు. వాటికి డెల్టా అలలు అని పేరు. తల మీద చాలాచోట్ల ఎలక్ట్రోడ్లు పెట్టి, ఏ రెండింటి మధ్య అల తిరగబడుతోందో చూస్తే గడ్డ ఎక్కడుందో పుర్రె తెరవకుండానే అంచనా వేయొచ్చు. స్కానింగ్ లేని ఆ రోజుల్లో సర్జన్లకి ఇది ఎంత పెద్ద సాయమో ఆలోచించండి.

ఇదే ఆయన మా ఇంటికొచ్చిన మొదటి దారి. యాక్సిడెంట్ అయిన మూడు నెలలకి నాన్నకి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టరు గారు ఈఈజీ తీయించమన్నారు. తల నిండా వైర్లు అతికించి, కళ్ళు మూసుకోమని, తెరవమని, గట్టిగా గాలి పీల్చమని చెప్పారు. స్క్రీన్ మీద గీతలు కదులుతుంటే నేను పక్కన నిలబడి చూశా. సీఎస్‌ఈ చదువుతున్నా, ఆ గీతల్లో ఒక్కటీ నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక తలకి అంటిన ఆ జిగురంతా పోవడానికి అమ్మ కుంకుడు రసంతో రెండుసార్లు తలస్నానం చేయించింది. రిపోర్టులో డెల్టా అనే మాట చూసి నేను గూగుల్ చేసి భయపడటం నాకింకా గుర్తుంది. ఆ మాట వెనకున్న మనిషే, తాబేలు వెనకున్న మనిషి అని అప్పుడు తెలీదు.

1939లో వాల్టర్ గారు బ్రిస్టల్ ఊర్లోని బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఇంక దాదాపు జీవితమంతా అక్కడే. అక్కడ సహోద్యోగి వివియన్ డోవీ గారితో కలిసి 1944లో థీటా అలలకి పేరు పెట్టారు. తర్వాత ఆవిడనే పెళ్ళి చేసుకున్నారు.

రోజంతా మనుషుల మెదళ్ళ అలలు చూస్తున్న ఆయనకి ఒక డౌట్ వచ్చింది. మెదడు ఇన్ని పనులు చేయడానికి కారణం అందులో కోట్ల కణాలు ఉండటమా, లేక అవి ఒకదానితో ఒకటి కలిసిన తీరా? కణాల సంఖ్య కన్నా కనెక్షన్లే ముఖ్యమైతే, రెండే రెండు కణాలతో కూడా ఏదో ఒక జీవి లాంటిది తయారవ్వాలి కదా. సరే, తయారుచేసి చూద్దాం అనుకున్నారు. 1948, 1949ల్లో తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, వివియన్ గారి సాయంతో రెండు మెషీన్లు చేశారు. వాటి పేర్లు ఎల్మర్, ఎల్సీ.

అందులో ఏముందో వింటే నవ్వొస్తుంది. మూడు చక్రాలు, రెండు మోటార్లు, ఒక బ్యాటరీ, వెలుతురు చూడటానికి ఒక ఫోటోసెల్, గుద్దుకుంటే తెలియడానికి పైన డిప్ప, నాడీకణాల బదులు రెండు వాక్యూమ్ ట్యూబులు. అంతే. ప్రాసెసర్ లేదు, మెమరీ లేదు, ఒక్క లైను కోడ్ కూడా లేదు. మా మినీ ప్రాజెక్ట్ టీమ్ వాడిన సెన్సర్ల లిస్టే దీనికన్నా పొడుగు. మాది మాత్రం డెమో రోజున టేబుల్ మీంచి కింద పడింది.

ఎల్సీ ఏం చేసేదంటే, ముందు చక్రంతో పాటు ఫోటోసెల్‌ని కూడా గుండ్రంగా తిప్పుతూ వెలుతురు కోసం వెతికేది. ఓ మోస్తరు వెలుతురు కనిపిస్తే అటు వెళ్ళేది. మరీ ఎక్కువ వెలుతురైతే పక్కకి తప్పుకునేది. ఏదైనా గుద్దుకుంటే డిప్ప కదిలి లోపల స్విచ్ కలిసి, అటూ ఇటూ నెట్టుకుంటూ దారి చేసుకునేది. దాని ముందు భాగంలో ఒక చిన్న బల్బు ఉండేది. అద్దం ముందు పెడితే తన బల్బు వెలుగు తనే చూసుకుని, చూడగానే బల్బు ఆరిపోయి, ఆరిపోగానే మళ్ళీ వెతకడం మొదలై, మళ్ళీ వెలిగి, అలా అద్దం ముందు ఊగుతూ ఉండేది. ఏ జంతువో ఇలా చేస్తే అది తనని తాను గుర్తుపట్టిందని అనుకుంటాం కదా అని వాల్టర్ గారు కొంటెగా రాశారు. ఇంట్లో నేల మీద ఎల్సీ తిరుగుతుంటే ఆయన, వివియన్ గారు, పసిబిడ్డ చూస్తున్న పాత ఫోటో ఒకటుంది. డెబ్బై ఏళ్ళ పైబడిన ఫోటో, చూస్తే అచ్చం మా హాలే.

అన్నిటికన్నా నన్ను పిచ్చెక్కించింది మాత్రం ఛార్జింగ్. ఎల్సీకి ఒక గూడు ఉండేది, అందులో బాగా వెలిగే బల్బు, ఛార్జ్ చేసే ఏర్పాటు. కడుపు నిండుగా ఉన్నప్పుడు ఆ వెలుగు ఎక్కువై గూట్లోకి వెళ్ళదు. బ్యాటరీ తగ్గితే తనే గూట్లోకి వెళ్ళి ఛార్జ్ అయ్యేది. బ్యాటరీ ఇరవై శాతం కన్నా తగ్గితే అనే ఇఫ్ కండిషన్ లేకుండా దానికి ఎలా తెలిసింది? నాకు మూడు రోజులు బుర్రకెక్కలేదు.

ఒక ఆదివారం ఆ పాత బ్లాక్ అండ్ వైట్ వీడియో నాన్నకి ఫోన్‌లో చూపించా. మీరు చెప్పింది కరెక్టే నాన్నా, దీన్ని తాబేలనే అంటారు అని చెప్పా. సర్క్యూట్ గురించి కూడా నాకు తెలిసినంత చెప్పి, ఛార్జింగ్ దగ్గర ఆగిపోయా. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కో మాట వెతుక్కుంటూ, వోల్టేజ్ అనాల్సిన చోట నీళ్ళు అని, కాదని తల ఊపి, మళ్ళీ ప్రయత్నించి చెప్పారు. బ్యాటరీ తగ్గితే ఆంప్లిఫయర్ బలం కూడా తగ్గుతుంది. అప్పుడు పెద్ద వెలుగు కూడా దానికి చిన్న వెలుగులాగే ఉంటుంది. కాబట్టి తప్పుకోదు, లోపలికి వెళ్ళిపోతుంది. ఛార్జ్ నిండగానే అదే వెలుగు మళ్ళీ ఎక్కువై బయటికి వచ్చేస్తుంది.

కరెక్ట్ ఆన్సర్ అదే. రెండేళ్ళ తర్వాత మా ఇంట్లో ఫిజిక్స్ క్లాసు జరిగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

మిగతా కథకి వస్తా. 1950, 1951ల్లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వాల్టర్ గారి వ్యాసాలు రావడంతో తాబేళ్ళు ఫేమస్ అయిపోయాయి. మొదటి రెండూ తరచూ మొరాయిస్తుంటే ఇన్‌స్టిట్యూట్ టెక్నీషియన్ వారెన్ గారు గట్టిగా ఉండేలా ఇంకో ఆరు చేశారు. 1951 ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో జనం వాటిని చూశారు. అందులో ఒకటి ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో రేషియో క్లబ్ అని ఒక చిన్న గుంపు కలుసుకుని మెదడు, మెషీన్ల గురించి వాదించుకునేది. అందులో వాల్టర్ గారితో పాటు మన అలన్ ట్యూరింగ్ కూడా ఉన్నారు. 1953లో ఆయన ది లివింగ్ బ్రెయిన్ అనే పుస్తకం రాశారు. 1964లో సహచరులతో కలిసి ఇంకో సంగతి కనిపెట్టారు. ఏదో జరగబోతోందని మనం ఎదురుచూస్తున్నప్పుడు మెదడులో ఒక నెమ్మదైన మార్పు కనిపిస్తుంది. దాన్ని ఎదురుచూపు అల అని కూడా అంటారు.

1970లో ఆయన స్కూటర్ మీద వెళ్తూ యాక్సిడెంట్‌కి గురయ్యారు. తలకి తీవ్రమైన దెబ్బ తగిలింది. ముప్పై ఏళ్ళకి పైగా ఇతరుల మెదళ్ళని చదివిన మనిషికి తన మెదడే దెబ్బతింది. ఆ తర్వాత మునుపటిలా పని చేయలేకపోయారు. 1977 మేలో, 67వ ఏట చనిపోయారు.

ఈ పేరా దగ్గరకొచ్చేసరికి నేను ల్యాప్‌టాప్ మూసేశా. స్కూటర్, తల, ఇవన్నీ నాకు తెలిసిన మాటలే. ఆ ఏడేళ్ళు ఆయన ఇంట్లోవాళ్ళు ఏం చేసి ఉంటారు, ఆయన కూడా గ్లాసుని గిన్నె అని ఉంటారా అని ఆలోచించా. జీవిత చరిత్రల్లో ఆ ఏడేళ్ళకి రెండు లైన్లే ఉంటాయి. మా ఇంట్లో అయితే రెండేళ్ళకే ఎన్ని పేజీలో.

కథ అక్కడ ఆగలేదు. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో ఒక అబ్బాయి ది లివింగ్ బ్రెయిన్ చదివి, తనూ ఒక తాబేలు చేసుకున్నాడు, దానికి నార్మన్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి రోడ్నీ బ్రూక్స్. పెద్దయ్యాక ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1990లో కోలిన్ యాంగిల్, హెలెన్ గ్రైనర్‌లతో కలిసి ఐరోబోట్ కంపెనీ పెట్టారు. 2002లో ఆ కంపెనీ నుంచి రూంబా వచ్చింది. ఇళ్ళల్లో తిరిగే ఈ రోబోల్ని జనం అలవాటు చేసుకున్నది ఎక్కువగా దానితోనే. ఇప్పటివాటిలో లేజర్, మ్యాప్, యాప్ అన్నీ ఉన్నాయి. కానీ తిరగడం, గుద్దుకుని పక్కకి తప్పుకోవడం, ఆకలేస్తే గూటికి వెళ్ళడం, ఈ మూడూ ఎల్సీ ఎప్పుడో చేసింది.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, కనెక్షన్లు ముఖ్యం అని వాల్టర్ గారు అన్నది నాకు ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. నాన్నకి మాట పోయింది కానీ దారి పూర్తిగా పోలేదు. చుట్టు తిరిగి వస్తున్నారు, అంతే. మేమే తొందరపడి సరిచేసేస్తున్నాం. ఇప్పుడు ఆగి, వెయిట్ చేస్తున్నాం. మా మెదళ్ళలో ఆ ఎదురుచూపు అల రోజుకి చాలాసార్లే వస్తూ ఉంటుంది.

మా రోబో యాప్‌లో పేరు మార్చుకునే ఆప్షన్ ఉంది. తెలుగులో తాబేలు అని టైప్ చేసి సేవ్ చేశా. ఇప్పుడు అది సోఫా కింద ఇరుక్కుంటే నా ఫోన్‌కి తాబేలు ఇరుక్కుందని మెసేజ్ వస్తుంది.

చివరిగా ఒక్క మాట. మన కాలేజీ పార్కింగ్‌లో ట్యాంకుల మీద, అద్దాలకి వేలాడుతూ ఎన్ని హెల్మెట్లు ఉంటాయో నేను రోజూ చూస్తున్నా. దయచేసి తల మీద పెట్టుకోండి.